బూజు రాని గోడ

"పొద్దున్నే వస్తానని ఇప్పుడా రావడం? మా అమ్మ స్నానం కూడా మానుకుని కూర్చుంది!"

తలుపు తీస్తూనే ఆమె విరుచుకుపడింది.

"మంచిదే మేడం, గోడ తడవలేదు," అన్నాడు పెయింటర్, బ్రష్షుల సంచీ కింద పెడుతూ.

ఆమెకు ఒళ్లు మండింది. లోపల అమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది.

బాత్రూం గోడల నిండా నల్లటి బూజు. పోయినేడు ఆమే పైపైన రంగు పూసింది. వానలు మొదలవగానే మచ్చలు మళ్ళీ తేలాయి, అమ్మ దగ్గు ముదిరింది.

బ్లీచింగ్ నీళ్లతో అతను గోడలన్నీ రుద్ది కడిగాడు. "బాగా ఆరాకే రంగు. రోజూ వచ్చి చూసి వెళ్తాను," అన్నాడు.

వాన మాత్రం పట్టు వదల్లేదు. అతను సాయంత్రాలు వచ్చి, గోడకు అరచెయ్యి ఆనించేవాడు.

"ఆరిందా?"

"ఇంకా చెమ్మ ఉందండీ."

ఆ మాట వినగానే ఆమె ప్రాణం కుదుటపడేది. కళ్లజోళ్ల షాపులో రోజంతా ఎందరి కళ్లలోకో చూసే మనిషి, అతని కళ్లలోకి మాత్రం చూడలేక టీ కప్పు అందించి పక్కకు తిరిగేది.

చివరికి ఎండ కాసింది. ప్రైమర్ పడింది, లేతాకుపచ్చ రంగు పడింది, గోడలో కొత్త ఫ్యాను తిరిగింది.

"స్నానం అయ్యాక కాసేపు ఫ్యాను తిరగనివ్వండి. కిటికీ తెరిచే ఉంచండి. ఇక బూజు రాదు."

"అస్సలు రాదా?"

"వస్తే ఫోన్ చెయ్యండి," అన్నాడు బ్రష్షు వైపు చూస్తూ. వెళ్లిపోయాడు.

బూజు రాలేదు. అమ్మ దగ్గు తగ్గింది. ఆమెకు సంతోషమే, కానీ సాయంత్రమైతే వీధిలో ప్రతి బండి చప్పుడుకూ గుండె గుమ్మం దాకా వెళ్లి వచ్చేది.

ఓ రోజు అమ్మ బాత్రూంలోంచి కేకేసింది. "ఫ్యాను ఆపి కిటికీ మూసిందెవరే?"

"జల్లు కొడుతోందనీ..."

"ఇంత ఎండలోనా? మళ్ళీ నేను దగ్గాలా, ఆ అబ్బాయి రావడానికి?"

ఆమె సిగ్గుతో చితికిపోయింది. పరుగున వెళ్లి కిటికీ తెరిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయిందమ్మా."

అమ్మ ఆమె తల నిమిరింది. "మనసైన వాడిని పిలవడానికి బూజెందుకే, పిచ్చిదానా? ఫోన్ చెయ్యి."

అటువైపు ఒక్క రింగుకే ఎత్తాడు.

"బూజు వచ్చిందా మేడం?" ఆ గొంతులో అంత ఆశేమిటో!

"రాలేదండీ."

"మరి..."

"రాలేదనే చేశాను."



"మీ ఫోన్ రాక, ఇన్నాళ్లూ నా పనితనాన్నే తిట్టుకుంటున్నాను," అన్నాడతను మెల్లగా. "పనేమీ లేకపోయినా రావచ్చా?"

"పని లేనప్పుడే రండి," అంది ఆమె. "అప్పుడైతే తొందరగా వెళ్లిపోరు."