సెలవునాటి చాకిరీ

వారానికి ఆరు రోజులు సిటీ బస్సు నడిపే మనిషి ఏడో రోజు పొద్దున కాస్త ఎక్కువసేపు పడుకుంటే ఆకాశం ఊడిపడదు. కానీ ఆ ఇంట్లో ఊడిపడేది. ఆ రోజూ తెల్లారీ తెల్లారకముందే అత్తగారు మంచం పక్కన నిలబడి, "అమ్మాయ్, లేచావా? దుప్పట్లన్నీ తీసిపెట్టాను, ఉతికేద్దాం" అన్నారు. గాఢనిద్రలో ఉన్న మనిషిని లేచావా అని అడగడం ఏం ప్రశ్నో ఆవిడకే తెలియాలి.

వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. పోయిన సెలవుకి అటక దులపడం, అంతకుముందు సెలవుకి వంటింటి డబ్బాలన్నీ దించి కడగడం. మిగతా రోజుల్లో ఇల్లు అద్దంలా ఉండేది. ఆమెకి సెలవు రాగానే ఎక్కడలేని మురికీ పుట్టుకొచ్చేది.

భర్తకు కళ్లద్దాల దుకాణం. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ సొంత ఇంట్లో జరిగేది మాత్రం ఆయన కంటికి ఆనదు.

"ఏమండీ, మీరైనా చెప్పండి. వారానికి ఒక్క రోజు. ఒక్కటంటే ఒక్కటి!"

"అత్తాకోడళ్ల మధ్య నేనెందుకోయ్ దూరడం?" అంటూ ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తాడు.

"అవును, పేపర్లో దూరండి. అక్కడైతే మిమ్మల్నెవరూ పని చెయ్యమనరు."

విసురుగా దుప్పట్ల మూట ఎత్తుకుని పంపు దగ్గరికి నడిచింది. మొహానికి తగిలిన దుప్పటి సబ్బు వాసన వేసింది. ఒకటి విప్పి చూసింది. మడత గీతలు ఇంకా చెక్కుచెదరలేదు. ఇంకొకటి విప్పింది, దాని అంచు కొంచెం తడిగా ఉంది. అంటే నిన్ననే ఉతికి ఆరేసినవి. డ్రైవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అత్తయ్యా! ఇవి ఉతికినవే కదా?"

అత్తగారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

"అడుగుతున్నాను, చెప్పండి! ఉతికినవి మళ్లీ నాచేత ఉతికించడం ఏమిటి? నేనొక్క పూట కూర్చుంటే మీకు కళ్లు మండుతాయా? రోజంతా ఎండలో, ఎక్కేవాళ్ల తిట్లూ దిగేవాళ్ల తిట్లూ తిని వస్తున్నాను. బస్సునైనా అప్పుడప్పుడూ షెడ్డులో ఉంచి ఊపిరి పీల్చుకోనిస్తారు. నేను దానికన్నా తీసిపోయానా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? పోయిన వారం అటక కూడా దులిపిందే అయ్యుంటుంది!"

అత్తగారు తల దించుకున్నారు. అంటే అదీ నిజమే. ఇక డ్రైవరమ్మ ఆగలేకపోయింది. గబగబా వెళ్లి ఫోను తీసింది.

"నాకసలు సెలవే వద్దు. సెలవు రోజు కూడా బండెక్కమని డిపోవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఎక్కేస్తాను. అక్కడెంత తిట్టినా, ఉతికింది ఉతకమని మాత్రం అనరు."

ఫోను మోగుతుండగానే అత్తగారు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"వద్దే! ఆ ఒక్క రోజూ తీసెయ్యకే, నీకు పుణ్యముంటుంది!"

ఆ గొంతు విని పేపరు కూడా కిందికి దిగింది.

"పని లేకపోతే నువ్వు పడుకుంటావు. లేచి తింటావు, మళ్లీ పడుకుంటావు. తప్పనను, అలసిపోయి ఉంటావు. పని ఉంటే దుప్పటి ఆ కొస నువ్వు పట్టుకుంటావు, ఈ కొస నేను పట్టుకుంటాను. పిండుతూ బస్సులో ఎవరేమన్నారో చెప్తావు. విసుక్కుంటూనే చెప్తావనుకో, అయినా చెప్తావుగా. మీ మామగారు పోయాక ఈ ఇంట్లో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే. వీడా, తిన్నావా అని అడిగి జవాబు వినకుండానే చెప్పులేసుకుంటాడు."

ఫోనులో "హలో, డిపో" అని వినిపించింది. డ్రైవరమ్మ కట్ చేసింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు.

"నోరు తెరిచి అడగొచ్చుగా అత్తయ్యా! కాసేపు కూర్చో అంటే కాదంటానా?"

"పనిచేసి వచ్చిన మనిషిని పనిలేని మనిషి ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటుందే?"

డ్రైవరమ్మ తలుపు వైపు చూసింది. రోజూ పొద్దున్నే తలుపు వెనక ఇస్త్రీ అయిన యూనిఫారం వేలాడుతుంది. అలసిపోయి వచ్చేసరికి కంచం మీద మూత ఉంటుంది. ఎవరు పెట్టారని ఏనాడైనా అనుకుందా? తిన్నది, పడుకుంది. బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లకి నవ్వుతూ దారి చెప్పే మనిషి, ఇంట్లో నోరు విప్పింది విసుక్కోవడానికే.

"ఎవరు పనిలేని మనిషి?" అంది.

వెంటనే భర్త వైపు తిరిగింది. "మీరు లేవండి. ఈ దుప్పట్లు మడతపెట్టండి."

"నేనొక్కణ్ణీ ఎలాగోయ్? రెండో కొస ఎవరు పట్టుకుంటారు?"

"ఇన్నాళ్లూ మీ అమ్మకి ఎవరు పట్టుకున్నారు?"

ఆయన మూట తీసుకుని లోపలికి నడిచాడు.

డ్రైవరమ్మ గుమ్మం దగ్గర చాప పరిచింది. అత్తగారిని కూర్చోబెట్టి, ఆవిడ ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది.

"నేను ఇలాగే పడుకుంటాను. మీరు చెప్పండి."

"ఏం చెప్పమంటావే?" కళ్లు తుడుచుకుంటూ అడిగారావిడ.

"నేను బయటికి వెళ్లాక వారమంతా ఏం చేశారో చెప్పండి. మొదటినుంచీ."

అత్తగారు ఆమె జుట్టు సవరించారు.

"సోమవారం నువ్వటు వెళ్లావా..." అని మొదలుపెట్టారు. లోపల దుప్పటితో కుస్తీ పడుతున్న కొడుకు కూడా, వినడానికి, చప్పుడు చేయడం మానేశాడు.