కనకాంబరాల మీద నీటిమచ్చలు

రెబ్కా గుమ్మంలోనే కూలబడిపోయింది. "ఈ నింద నుంచి నన్ను బయటపడేయండి బాబూ! చీరాలలో ఇంక నన్నెవరూ పనిలో పెట్టుకోరు" అంటూ బావురుమంది.

డిటెక్టివ్ చైతన్యకృష్ణ మంచినీళ్లు ఇప్పించాడు. అసిస్టెంటు కోటేష్ ఆమెకి కుర్చీ జరిపాడు. రెబ్కా పానకాలుగారి చీరల ప్రింటింగ్ యూనిట్‌లో ఊడ్చి తుడిచే మనిషి. కొత్త చీర కోసం డిజైనర్ గీతాంజలి వాటర్‌కలర్‌తో వేసిన కనకాంబరాల బొమ్మ మీద నీళ్లు చిందించిందని, అందరి ముందూ తిట్టి గెంటేశారట.

"చిందించావా?"

"నా బిడ్డ మీద ఒట్టండి. నేను తలుపు తీసేసరికే అలా ఉంది."

ముగ్గురూ యూనిట్‌కి వెళ్లారు. బొమ్మలో నారింజ రేకుల మీద నీటిమచ్చలు కాలీఫ్లవర్ అంచుల్లా పళ్లుపళ్లుగా విచ్చుకుని ఉన్నాయి. చైతన్యకృష్ణ వాటిని చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు వేశారమ్మా?"

"నిన్న పొద్దున్నండి" అంది గీతాంజలి. "ఆరేదాకా పక్కనే కూర్చున్నా, ఎవరూ రాలేదు. బాగా ఆరాకే గదికి తాళం వేశా. సాయంత్రం తాళంచెవి రెబ్కాకిచ్చి వెళ్లిపోయా."

"ఇంకో తాళంచెవి ఉందా?"

"లేదండి."

రెబ్కా పని అయిపోయిందనుకున్నాడు కోటేష్. ఆమె వైపు చూడటానికి కూడా ధైర్యం చాల్లేదు.

చైతన్యకృష్ణ యజమానితో సహా అందర్నీ పిలిపించాడు. కాగితం మీద ఒక రేకు వేసి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చాడు. పక్కన ఇంకోటి వేసి, అది చెమ్మగా ఉండగానే రెంటి మీదా చెరో నీటిచుక్క విడిచాడు. ఆరిన రేకు మీద గుండ్రటి మరక మిగిలింది. తడి రేకు మీద మాత్రం నీళ్లు రంగును తోసుకుంటూ పళ్లుపళ్లుగా విచ్చుకున్నాయి.

"పాడైన బొమ్మ మీదున్నది ఏ మచ్చ?"

"రెండోదే సార్!" కోటేష్ ఆగలేకపోయాడు.

"అంటే నీళ్లు పడింది రంగు ఆరకముందే. అప్పుడు ఆ గదిలో ఉన్నది మీరొక్కరే, గీతాంజలిగారూ."

గీతాంజలి ముఖం పాలిపోయింది. "నేనేనండి, కావాలనే చల్లా. ఇదొక్కటి స్కాన్ చేస్తే మిగతా పూలు కంప్యూటరే వేస్తుంది, ఇక నువ్వెందుకన్నారు పానకాలు సారు. ఈ పని తప్ప నాకింకేం వచ్చండి? రెబ్కా మీదకి పోతుందని తెలుసు. నా భయం నాది, నోరు మూసుకున్నా."

పానకాలు గొంతు సవరించుకున్నాడు. "సరేలే రెబ్కా, రేపట్నించి వచ్చెయ్."

రెబ్కా కదల్లేదు. "అందరి ముందూ తిట్టారండి. అందరి ముందే చెప్పండి."

"నీ తప్పేం లేదులే" అని గొణిగాడాయన.

"గట్టిగా చెప్పండయ్యా" అంది రెబ్కా, కారే కన్నీళ్లు తుడుచుకోకుండానే.

పానకాలు తలదించుకుని మళ్లీ చెప్పాడు. ఈసారి వీధిలోకి వినిపించింది.