కొల్లేటి గట్టు మేడలో తలుపు బొమ్మ

కైకలూరు వైపు కొల్లేటి గట్టు మీద దొరగారి పాత మేడ ఒకటి ఉండేది. పొద్దుగూకితే ఆ రేవులో ఎవరూ పడవ ఆపేవారు కాదు. ఖాళీ మేడ తలుపుని బయటినుంచి ఎవరో కొడుతున్నట్టు వినిపించేదట... టక్... టక్...

యాభై అయిదులో ఆ మేడని బడి చేస్తానన్నాడు చినదొర. జమీందారీ పోయింది, ఎన్నికలొచ్చాయి, ఎక్కడలేని మంచితనమూ పుట్టుకొచ్చింది మరి! నాటకాల తెరల మీద బొమ్మలు వేసే వరదానాన్ని ఏలూరు నుంచి పిలిపించాడు. వెనకటి పెద్ద వరదనాడు ఈ మేడ తలుపు తెరిచి, మునిగిపోయే జనానికి చెయ్యి చాచిన తన తండ్రి బొమ్మ గోడ మీద వెయ్యాలి. దొర ఒక్కడే చాలు, జనం అక్కర్లేదన్నాడు.

తెల్లారితే బడి ప్రారంభం. బొమ్మంతా అయింది, కళ్ళు తప్ప. కళ్ళు ఆఖర్న, తెల్లవారుజామునే దిద్దడం వరదానం ఇంటి ఆచారం.

అన్నం తెచ్చిన ముసలి నూకాలమ్మ బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆవేళ దొరగారు ఆ తలుపు తియ్యలేదండి బాబూ. పదకొండుమంది కొట్టి కొట్టి నీళ్ళలో పోయారు. మా ఆయనా వాళ్ళలో ఒకడండి."

"చెప్పింది వేసేవాణ్ణి మామ్మగారూ, నేనేం చెయ్యను?" అన్నాడు వరదానం. అన్నాడే గానీ సిగ్గేసింది. అన్నం సయించలేదు.

బొమ్మ దగ్గరే పడుకున్నవాడికి నడిరాత్రి దాటాక మెలకువ వచ్చింది.

టక్... టక్...

లాంతరు ఎత్తి చూశాడు. బొమ్మలో దొర లేడు! తలుపు మూసి ఉంది. దాని ముందు మెడలోతు నీళ్ళలో జనం...

"నేనేనండి..." మూలనుంచి గుసగుస. నూకాలమ్మ! వేళ్ళనిండా నల్లరంగు. "మీరు నిద్రపోయాక వచ్చానండి. ముగ్గులేసే చేతులు కదా, దొరగారి మీద తలుపు మూసేసి, జనాన్ని వచ్చినట్టు గీశాను. తుడిచెయ్యకండి బాబూ."

వరదానం ఊపిరి పీల్చుకున్నాడు. కానీ తుడవక తప్పదు. చినదొరకి కోపమొస్తే ఈ చుట్టుపక్కల మళ్ళీ కుంచె పట్టనివ్వడు. సున్నం కుంచె అందుకున్నాడు.

"పదిమందినే గీశానండి," అందామె ఏడుస్తూ. "మా ఆయన మొహం... ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు."

వరదానం లాంతరు దగ్గరగా పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

పదకొండు.

తలుపుకి అందరికన్నా దగ్గరగా ఒకడు, పిడికిలెత్తి... ఆ పిడికిలి కింద గోడ తడిగా ఉంది. పదిమందికీ కళ్ళు లేవు. అతనికి ఉన్నాయి — వరదానం వైపే చూస్తున్నాయి.

"ఆ మొహమేనండి..." అంది నూకాలమ్మ.

వరదానం సున్నం కుంచె కింద పెట్టేశాడు. మిగతా పదిమందికీ కళ్ళు దిద్దాడు.

తెల్లారింది. చినదొర వచ్చి గోడ చూశాడు. మొహం పాలిపోయింది.

"ఎవడు వేశాడిది?"

నూకాలమ్మ నోరు తెరవబోయింది. వరదానం ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"నేనేనండి."

ఆ మాట రెండు గొంతులతో వినిపించింది. రెండోది గోడ వైపునుంచి.