పంతొమ్మిదో ఇంటి నీటిపొర

ఎర్రనేల సొరంగాల్లో పొద్దున్నే ఇద్దరు ఎదురుపడితే "కాఫీ తాగారా" అని అడగరు. "మీ ఇంట్లో చీకటేనా?" అని అడుగుతారు. "చీకటేనండీ" అని జవాబు వస్తే అంతా క్షేమమన్నమాట. భూమి నుంచి కొత్తగా దిగినవాళ్ళు ఈ పలకరింపు విని మొదట్లో హడలిపోతారు. వారం తిరిగేసరికి వాళ్ళూ అదే అడుగుతుంటారు.

అంగారకుడి మీద మనుషులు కాపురాలు పెట్టి అరవై ఏళ్ళు దాటింది. లోతుగా తవ్వితే మంచు దొరుకుతుంది, కరిగిస్తే నీళ్ళు వస్తాయి. కానీ ఆ నీళ్ళలో పెర్‌క్లోరేట్ అనే విషలవణం కలిసి ఉంటుంది. దాన్ని ఆపడానికి ప్రతి ఇంటి నీళ్ళతొట్టికీ, కంటికి కనిపించని రంధ్రాలున్న రెండు గాజుపలకల మధ్య, ఒక నీటిపొర బిగించారు. శాస్త్రజ్ఞులు దాన్ని లయోట్రోపిక్ లిక్విడ్ క్రిస్టల్ అంటారు. సొరంగాల జనం నీటిస్ఫటికం అంటారు. వెనకటి టీవీ తెరల్లో ఉండే ద్రవస్ఫటికం వేడిని బట్టి మారేది, ఇది నీటి పాళ్ళను బట్టి మారుతుంది. సబ్బు లాంటి పదార్థమే. దాని అణువుకు తల నీళ్ళ కోసం వెంపర్లాడుతుంది, తోక నీళ్ళను చూస్తే పారిపోతుంది. సరైన పాళ్ళలో కలిపితే ఆ అణువులు తలలు బయటికి, తోకలు లోపలికి పెట్టుకుని, బారులు తీరి, పొర మీద పొరగా పేరుకుంటాయి. పొరల సందుల్లోంచి నీళ్ళు జారుకుంటాయి, విషం వెనకే ఉండిపోతుంది.

పొర బాగుందో లేదో చూడటానికి దానికి ముందొకటి, వెనకొకటి, ఒకే దిశలో ఊగే వెలుతురును మాత్రమే దాటనిచ్చే పోలరాయిడ్ రేకులు పెట్టారు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. అణువులన్నీ బుద్ధిగా నిటారుగా నిలబడితే దీపం వెలుతురు ఆ రెండు రేకులనూ దాటి రాలేదు, తొట్టి కిటికీ నల్లగా కనిపిస్తుంది. బారు ఎక్కడ వంగినా అక్కడ వెలుగు, దాంతోపాటు రంగులు. ఆ రంగుల తీరును వెలుగల్లిక అంటారు. పాపం ఆ ఊరివాళ్ళకు కంటికి అందంగా ఏదైనా కనిపించిందంటే, ఏదో చెడిపోయిందని అర్థం.

చెడినదాన్ని బాగుచేసే యంత్రం పేరు కాపరి. నాలుగు వందల పన్నెండు రకాల వెలుగల్లికలు దానికి తెలుసు. అల్లికను గుర్తుపట్టి, పొరను కాస్త కాచి, చల్లార్చి, ఏ గంటకో మళ్ళీ చీకటి చేసేస్తుంది. దానికి కనిపించేది ఆ అల్లిక ఒక్కటే; తానే పలకరించినప్పుడు తప్ప ఇళ్ళలో మాటలు వినదు. తనకు తెలియని అల్లిక కనిపిస్తే మాత్రం మనిషిని పంపుతుంది. ఒకప్పుడు అలాంటి పరీక్షకులు తొమ్మిది మంది ఉండేవారు. తమకు తెలిసిందంతా శ్రద్ధగా కాపరికి నేర్పి, తమ పని తామే పోగొట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది వారిజ ఒక్కతే.

వారిజ ఆ సొరంగాల్లోనే పుట్టింది. నలభై నాలుగేళ్ళు. ఆరేళ్ళ క్రితం అక్క ధ్రువ శిబిరానికి బదిలీ అయి వెళ్ళిపోయాక ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. సరుకులు గొట్టంలో వచ్చేస్తాయి. ఏది పాడైనా కాపరే చూసుకుంటుంది. ఆ ఇంటి తలుపు తట్టడానికి ఎవరికీ ఏ కారణమూ లేదు. ఆరేళ్ళుగా ఆమె తొట్టి కిటికీ కాటుకలా నల్లగా ఉంది.

ఆ రోజు పొద్దున గోడలోంచి కాపరి గొంతు వచ్చేసరికి ఆమె అప్పటికే జడ వేసుకుని కూర్చుంది.

"మూడో సొరంగం, పంతొమ్మిదో ఇల్లు. తెలియని అల్లిక. ఇది ఎనిమిదోసారి."

"వెళ్తున్నాను."

"గత ఏడుసార్లూ మీరు 'అర్థం కాలేదు, మళ్ళీ చూడాలి' అని రాశారు. ఇంకే ఇంట్లోనూ ఈ అల్లిక రాలేదు కాబట్టి లోపం ఆ ఇంటిదే అనుకోవాలి. ఈసారీ కారణం తేలకపోతే రేపు ఆ ఇల్లు మూసేసి, అందులో ఉంటున్న ఆయన్ని సామూహిక వసతికి తరలిస్తాం."

"కారణం తేలితే?"

"యంత్రలోపమైతే సరిచేస్తాను. కావాలని చేసిందని తేలితే ఆయనకు ఇంకెప్పటికీ సొంత ఇల్లు ఉండదు. సాయంత్రంలోగా నివేదిక ఇవ్వండి."

పంతొమ్మిదో ఇంట్లో ఉండేది బొంతు సింహాద్రి. ముప్ఫై ఏళ్ళ క్రితం పలాస దగ్గర నుంచి సొరంగాలు తవ్వడానికి వచ్చాడు. పదహారు మంది ముఠా. పని అయిపోయాక తలా ఒక శిబిరానికి చెదిరిపోయారు. ఈయన ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి ఇక్కడే ఆగిపోయాడు.

"రండమ్మా, రండి. మళ్ళీ వెలుగొచ్చేసినాది," అన్నాడు తలుపు తీస్తూనే. బల్ల మీద రెండు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. "కూకోండి, టీ ఎడతాను."

వారిజ కిటికీ ముందు వంగి రేకులు తిప్పింది. పసుపు, నీలం నూనె చారలు పొరంతా పాకి ఉన్నాయి. చార పొడవునా నాలుగు రెక్కల నల్లటి గుర్తులు, దండ గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. తన ఇరవై ఏళ్ళ పనిలో ఇలాంటిది ఆమె ఇంకెక్కడా చూడలేదు.

"ఇయ్యెలా పోతాయమ్మా?" పక్కనే నిలబడి అడిగాడు సింహాద్రి.

"ఈ లోపాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి ఇటు తిరిగి ఉంటే, దాని జోడు అటు తిరిగి ఉంటుంది. కాపరి కాచినప్పుడు అవి కదులుతాయి. రెండూ కలుసుకున్నాయంటే రెండూ మాయమవుతాయి."

"జోడు దొరక్కపోతే?"

"అలాగే ఉండిపోతుంది."

ఆయన టీ పోయడానికి వెళ్ళాడు.

తొట్టి మూత అంచున గోధుమరంగు నురగ ఈసారీ కనిపించింది ఆమెకు. వంగి చూస్తే తొట్టి వెనక ఒక సీసా, సీసాలో ముడతలు పడ్డ కాయలు. వారిజ వాసన చూసింది. ఆమె ఎరిగిన ఏ వాసనా కాదది.

"ఇవేంటండీ?"

సింహాద్రి చేతిలో టీగిన్నె ఆగిపోయింది. దాన్ని బల్ల మీద దించి, "కుంకుడుకాయలమ్మా," అన్నాడు. "తలంటుకుందామని మా ఊరి నుంచి తెచ్చుకున్నాను. ఈళ్ళు రోజుకి రెండు చెంబుల నీళ్ళిత్తే తలంటేటి, నా మొకం."

ఒక కాయ నలిపి, నీళ్ళలో వేసి గిలకొట్టి చూపించాడు. నురగ పొంగింది. వారిజకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఇదీ సబ్బు లాంటిదే. దీని అణువులు బుద్ధిగా నిలబడ్డ బారుల్లోకి దూరి వాటిని వంచేస్తున్నాయి. పరీక్షకుల్లో కుంకుడుకాయ మొహం చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి కాపరికీ ఎవరూ నేర్పలేదు.

"మీరే కలుపుతున్నారా? తొట్టి నీళ్ళలో విషం ఉంటుంది కదండీ! పొర తెగితే ఏం తాగుతున్నారో తెలుసా?"

"వెలుగు పోయేదాకా మూడ్రోజులూ ఈది కుళాయి నీళ్ళే తాగుతానమ్మా. మొదటిసారి తెలీకే సేసినాను. ఒక్కసారి తలంటుకుని, ఆ నీళ్ళు పారబొయ్యలేక తొట్లో పోసేసినాను. వెలుగొచ్చింది, మీరొచ్చినారు. గంటసేపు కూకుని రేకులు తిప్పుతా ఏటేటో సెప్పినారు. నాకొక్క ముక్క బోధపడితే ఒట్టు. కానీ ఆ రోజు గడిసిపోనాది." తల దించుకున్నాడు. "ఇరవయ్యొక్క రోజులు ఓపిక పట్టుకుని, మళ్ళీ ఒక్క కాయ ఏసేవోణ్ణి. ఇంకా పదకొండున్నాయి."

"సామూహిక వసతిలో నలభై మంది ఉంటారు. అక్కడైతే మీకు మనుషుల కరువుండదు కదా?"

"నలభై మందుంటారు. కానీ మనింటికి ఒకరు రావాలంటే మనకో తలుపుండాలి కదమ్మా."

వారిజకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఏడుసార్లూ ఆ టీ తాగి, మూత అంచున ఆ నురగను ఏడుసార్లూ చూసి, అదేమిటని ఒక్కసారీ అడగని తన మీద.

"రాసేయండమ్మా. మీ ఉద్యోగం మీది," అని ఆయన సీసాలోంచి ఒక కాయ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రుజువు కావాలంటే ఇదట్టుకెళ్ళండి."

ఇంటికి వచ్చి వారిజ నివేదిక తెరిచింది. నిజం రాస్తే ఆయనకు జన్మలో ఇల్లుండదు. అర్థం కాలేదని రాస్తే రేపే ఉండదు. యంత్రలోపమని రాస్తే ఏ భాగమో చూపమంటుంది కాపరి. ఎటు రాసినా ఇరవై ఒక్క రోజుల తర్వాత తాను జడ వేసుకుని కూర్చోవలసిన పని లేదు. ఆ చివరి సంగతి తోచగానే నివేదిక మూసేసింది. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడే రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని అనుకుంది పిచ్చిది.

మధ్యాహ్నం దాటాక లేచింది. రుజువును గ్లాసులో నలిపి, నీళ్ళు పోసి, నురగ వచ్చేదాకా గిలకొట్టి, తన తొట్టిలో పోసేసింది. ఇదంతా పంతొమ్మిదో ఇంటిని కాపాడటానికేనని తనకు తాను చెప్పుకుంది. ఆ మాట సగమే నిజం.

అరగంటకు కిటికీలో ఒక పసుపు చార కదిలింది. దాని పక్కన నీలం. ఆరేళ్ళ చీకటి మీద రంగులు నెమ్మదిగా పాకుతుంటే, ఆ వెలుగు ఆమె ఒళ్ళో, చేతుల మీద పడింది. వారిజ వెక్కి వెక్కి ఏడ్చింది.

"మీ ఇంట్లో తెలియని అల్లిక," అంది కాపరి. "పంతొమ్మిదో ఇంటి అల్లికే. ఒకే అల్లిక రెండిళ్ళలో వచ్చింది కాబట్టి లోపం ఆ ఇంటిది కాదు, పొరది. మూసివేత రద్దు చేస్తున్నాను. పరీక్షకురాలిగా వారిజను పంపుతున్నాను." వెంటనే సరిదిద్దుకుంది. "పొరపాటు. పరీక్షకులు తమ ఇంటిని తామే పరీక్షించకూడదు. వేరే పరీక్షకులు లేరు."

"నియమం ఏం చెబుతోంది?"

"ఆ అల్లికను ఎక్కువసార్లు దగ్గర నుంచి చూసిన మనిషిని తాత్కాలికంగా నియమించాలి." కాపరికి ఆ పేరు వెతకడానికి క్షణం కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైంది. ఆ చప్పుడు ఎలా ఉంటుందో వారిజ మరిచేపోయింది. తీస్తే, తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రేకుల పెట్టె చంకలో పెట్టుకుని సింహాద్రి నిలబడి ఉన్నాడు.

లోపలికి వచ్చి రెండడుగులు వేశాడో లేదో, వాసన తగిలి ఆగిపోయాడు. ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఆయన కిటికీ ముందు గొంతుక్కూర్చుని, రేకుల్ని తలకిందులుగా పట్టుకుని, అచ్చం ఆమెలాగే కళ్ళు చిట్లించి అటూ ఇటూ తిప్పాడు. గంటసేపు తిప్పాడు. ఈలోగా వారిజ రెండు గ్లాసులు కడిగింది.

"కారణం చెప్పండి," అంది కాపరి.

"నాకేటీ అర్థం కాలేదు," అన్నాడు సింహాద్రి గంభీరంగా. "మళ్ళీ సూడాలి."

"తర్వాతి పరీక్ష ఇరవై ఒక్క రోజులకు నమోదు చేస్తున్నాను."

సింహాద్రి టీ గ్లాసు అందుకుంటూ వారిజ వైపు చూశాడు.

"అన్నాళ్ళెందుకు," అన్నాడు. "రేపే వత్తాను."