బియ్యం డబ్బాలో కాగితాలు

అనంతపురం అంచున ఉన్న ఆ కాలనీలో మూడు రోజులకోసారి కుళాయి వస్తుంది. అందుకే ఆంజినమ్మ పెందలాడే లేచి బిందెలు పట్టుకుంటోంది. లోపల కూతురు చౌడేశ్వరి పెట్టె తెరిచిన చప్పుడుకు ఆమె గభాలున అటు తిరిగేసరికి, నీళ్లు చీర మీద ఒలికాయి.

"అమ్మా! నా సర్టిఫికెట్లు యాడ పెట్టినావు?"

"నన్నడుగుతావేమే? యాడో పారేసుకోనింటావు."

"ఫైలుకు కాళ్లొచ్చినాయా? పదకొండుకల్లా ఒరిజినల్సు చూపీకపోతే ల్యాబులో ఉద్యోగం ఇంగొకరికి పోతుంది!"

పోయిన నెలే వార్డులో ఉపాధి కేంద్రం తెరిచారు. వాళ్లే ఇల్లిల్లూ తిరిగి చదువుకున్న పిల్లల పేర్లు రాసుకుపోయి, చౌడేశ్వరికి ఈ ల్యాబు ఉద్యోగం చూపించారు. గడప దాకా వచ్చి ఉద్యోగమిస్తామనడమే ఆంజినమ్మను భయపెట్టింది. ఆరేళ్ల కింద కువైట్ ఏజెంటు కూడా ఇలాగే వచ్చాడు.

చౌడేశ్వరి పరుపు తిరగేసింది, సజ్జ వెతికింది. బియ్యం డబ్బా వైపు తిరగగానే తల్లి అడ్డం నిలబడింది.

"దాని జోలికి పోవద్దు!"

"నువ్వే దాచినావా? రెండేండ్లు ల్యాబు కోర్సు చదివింది బియ్యంలో పూడ్చేకేనా?"

"మీ చిన్నమ్మ ఓబమ్మ కువైట్‌కు పోయేటప్పుడు పాస్‌పోర్టు ఏజెంటుకు ఈ చేత్తోనే ఇచ్చినానే! నా దగ్గరుంటే భద్రం అన్యాడు. కాగితమూ రాలే, మనిషి యాడుండాదో తెల్దు. నిన్ను గూడా అట్లే పోగొట్టుకోవల్లా?"

చిన్నమ్మ జాడ లేదని చౌడేశ్వరికి తెలుసు. పాస్‌పోర్టు ఇచ్చింది తల్లేనని మాత్రం ఇప్పుడే తెలిసింది. మెల్లగా అంది: "నాకియ్యొద్దులేమా. నువ్వే పట్టుకోని రా."

కేంద్రంలో ఆంజినమ్మ ఫైలును పొట్టకు అదుముకుని కూర్చుంది. అక్కడి ఉద్యోగిని రేఖ చెయ్యి చాపితే ఇంకా గట్టిగా పట్టుకుని, చివరికి ఇచ్చింది. కాగితాలు తిప్పుతున్నంతసేపూ ఆ చేతి మీంచి చూపు మరల్చలేదు. రేఖ జిరాక్సుల మీద ముద్ర వేసి, ఒరిజినల్స్ తిరిగి ఆమె ఒళ్లోనే పెట్టింది.

"ఇంటికి తీసకపోమ్మా. చూపీయల్ల గానీ, ఎవురి దగ్గరా ఇడిసిపెట్టి రాగూడదు. మేమడిగినా సరే."

ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ మాట ఆ పొద్దు ఎవురన్నా చెప్పింటే, తల్లీ..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది. చౌడేశ్వరి పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది.

బయటికొచ్చాక ఆంజినమ్మ ఫైలు కూతురి చేతిలో పెట్టింది. భయం పోలేదు. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకునే నడిచింది.

"ల్యాబు యాడుండాదో చూపీ. నువ్వు పోయే తావు నేను చూడల్ల."