ఛాతీ మీద ఆగిన రాడ్డు

మిట్టమధ్యాహ్నం పన్నెండూ ఇరవై...

నడినెత్తిన వెలగాల్సిన సూర్యబింబాన్ని ఏదో నల్లని నోరు మెల్లమెల్లగా మింగేస్తోంది! సంపూర్ణ సూర్యగ్రహణం! పట్టపగలే వీధుల మీద కాటుక లాంటి చీకటి కమ్ముకొస్తోంది. దిగంతాల్లో మేఘాలు గర్జిస్తున్నాయి. ఎదుటి గోదాము చూరులోని గుడ్లగూబ, తన డ్యూటీ ఇంత పెందలాడే మొదలైందేమిటా అని విసుక్కుంటున్నట్టుగా, ఒక్క కూత కూసింది.

సగం దించిన షట్టరు వెనుక... ఆ జిమ్ములో... ఎర్రబల్బు వెలుగులో, బెంచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు కోచ్!

మహాకాయుడు. నున్నని గుండు. మెడ అనే అవయవం అతనికి ఎప్పుడో కండలో కలిసిపోయింది. అతను నేలపలకను పక్కకు జరిపాడు. కింద చిన్న గుంట... అందులో ఒక కపాలం! స్త్రీ కపాలం! బరువులెత్తేవాళ్ళు మణికట్టుకు చుట్టుకునే నల్లపట్టీతో దాని దవడలు రెండూ బిగించి కట్టి ఉన్నాయి.

అది అతని భార్యది. పన్నెండేళ్ళ కిందట ఆమె ప్రాణశక్తినంతా చుక్కచుక్కగా తోడుకుని, తోడటానికి ఇంకేమీ మిగలని రోజున ఇక్కడ పాతిపెట్టాడు ఆ నరరూప రాక్షసుడు!

ఇప్పుడతను ఎదురుచూస్తున్నది ఇంకొకరి భార్య కోసం...

* * *

ఆ ఇంకొకరు అద్దాలు కోసే దుకాణం నడుపుతాడు. మంచివాడే. బెంచీ మీద వెల్లకిలా పడుకుని, ఇనుపరాడ్డును ఛాతీ దాకా దించి, మళ్ళీ చేతులు నిటారయ్యేదాకా నెట్టడం తప్ప వేరే దురలవాట్లు లేవు. కానీ వంద కిలోల దగ్గర ఆగిపోయాడు. ఒక రోజు కాదు, ఒక నెల కాదు... రెండేళ్ళు! తినే గుడ్లు పెంచాడు, బూట్లు మార్చాడు, తెల్లవారుజామున చేశాడు, సాయంత్రం చేశాడు. నూటరెండున్నర పెడితే చాలు, రాడ్డు సగం దూరం లేచి, అక్కడే ఆలోచనలో పడేది. జిమ్ములో అందరూ అతన్ని 'వందన్నా' అని పిలవడం మొదలుపెట్టారు. నవ్వుతూ పలికేవాడు. ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు.

"ఓ వారం చెయ్యకుండా పడుకోండి. ఒళ్ళు అలిసిపోయింది, అంతే," అంది భార్య. ఇంట్లోనే మిషను కుట్టే మనిషి, తెగిన దారాన్ని లాగితే ఇంకా తెగుతుందని తెలిసినది.

"నీకేం తెలుసే ఇనుము గురించి?"

"ఇంటెడు గిన్నెలు తోమేది నేనేగా!"

అతను ఆమె మాట వినలేదు. కోచ్ మాట విన్నాడు.

"పోటీ పద్ధతిలో చెయ్యి, తమ్ముడూ," అన్నాడు కోచ్, తేనె పూసిన గొంతుతో. "రాడ్డు ఛాతీ మీద కదలకుండా ఆగాలి. జడ్జి 'ప్రెస్' అన్నాకే నెట్టాలి. ఆ మాట మీ ఆవిడ చేత చెప్పించు. కట్టుకున్నదాని నోట్లో ఎంత బలం ఉంటుందో నీకు తెలీదు." చేతులకు రాసుకునే తెల్లని సుద్దపొడి డబ్బా ఒకటి ఇచ్చాడు. అందులో సుద్దతో పాటు ఏ ఎముకల బూడిద కలిసి ఉందో... ఆ అమాయకుడికేం తెలుసు!

ఆ సాయంత్రం జిమ్ములో ఆమె అతని తలాపున నిలబడి, కొంచెం సిగ్గుపడుతూ, "ప్రెస్" అంది.

నూటరెండున్నర... దూదిపింజలా లేచిపోయింది!

మర్నాడు పొద్దున ఆమెకు చక్కెర డబ్బా మూత రాలేదు. నూటఐదు లేచిన మర్నాడు కత్తెర బరువనిపించింది. నూటపది లేచిన మర్నాడు నీళ్ళ బిందె నేల మీదే ఉండిపోయింది. డాక్టరు రక్తం తీసి, అన్నీ బాగున్నాయని చెప్పి, విశ్రాంతి తీసుకోమన్నాడు. "పిల్లకు రెండేళ్ళు డాక్టరుగారూ, అదెప్పుడు తీసుకోమంటే అప్పుడు తీసుకుంటాను," అంది.

నూటపదిహేను లేచిన మర్నాడు... పాప రెండు చేతులూ పైకి చాచి "అమ్మా, ఎత్తుకో" అంది. ఆమె వంగింది. ఎత్తలేకపోయింది! వంగిన నడుముతో... పాప ముఖంలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి అతని అరచేతిలో తన చెయ్యి పెట్టింది.

"నొక్కుతున్నాను. తెలుస్తోందా?"

"లేదే."

"నేను అక్క వాళ్ళింటికెళ్ళిన నాలుగురోజులూ మీరెత్తే బరువు పెరగలేదు, నా చేతులు బాగున్నాయి. ఎప్పుడా మాట అంటానో, ఆ మర్నాడే నాకిలా అవుతోంది. మీ కిలోలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఇప్పుడు తెలిసిందాండీ?"

అతనికి కోచ్ చెప్పిన మాటా, ఇచ్చిన సుద్దపొడీ గుర్తొచ్చాయి. పరుగున వెళ్ళి కోచ్ కాళ్ళ మీద పడ్డాడు. "వంద చాలన్నా! అసలు ఏమీ వద్దు! నా పెళ్ళాన్ని నాకిచ్చెయ్!"

కోచ్ నవ్వాడు. "ఇప్పుడాపితే ఆవిడ జన్మంతా అంతే. గ్రహణం పట్టిన వేళ ఇద్దరూ రండి. ఈసారి రాడ్డు కింద నేను పడుకుంటాను. ఆవిడ ఒక్కసారి ఆ మాటంటే చాలు... తీసిందంతా తిరిగిచ్చేస్తాను."

పచ్చి అబద్ధం! ఆ ఒక్క మాటతో ఆమె ఆఖరి శ్వాస వరకూ అతని బాహువుల్లోకి ప్రవహిస్తుంది. ఇద్దరు స్త్రీల ప్రాణబలం ఏకమై అతను అజేయుడవుతాడు!

* * *

షట్టరు కిందనుంచి ఇద్దరూ వంగి లోపలికొచ్చారు. ఆమె భర్త భుజం పట్టుకుని నడుస్తోంది.

"రా చెల్లెమ్మా, తలాపున నిలబడు," అన్నాడు కోచ్. "నువ్వు దూరంగా ఉండు తమ్ముడూ!"

రాడ్డుకు రెండు వైపులా ప్లేట్లు... మొత్తం రెండు వందల నలభై కిలోలు! మామూలు మనిషి ఎత్తే బరువు కాదది. అతను వాళ్ళ కంటబడకుండా కపాలాన్ని బెంచీ కింద పెట్టి, వణకని వేళ్ళతో నల్లపట్టీ విప్పాడు. ఇద్దరి బలం ఏకం కావాలంటే ఈ నోరు కూడా తెరుచుకుని ఉండాలి. బతికున్నన్నాళ్ళూ ఆ నోటితో తను పలికించింది ఒకే ఒక్క మాట. అది తప్ప ఇంకేం పలుకుతుందిలే... అనుకున్నాడు!

అదే అతను జీవితంలో చేసిన ఆఖరి తప్పు!

"హ్రాం... హ్రీం... హూం!" బీజాక్షరాలు గోడలకు తగిలి మార్మోగాయి. బయట సూర్యుడి చివరి రేఖ ఆరిపోయింది. కోచ్ పడుకున్నాడు. రాడ్డును లేపాడు. దించాడు. రెండు వందల నలభై కిలోలు ఛాతీ మీద... కదలకుండా... ఆగాయి.

"చె... ప్పు... చెల్లెమ్మా..."

ఆమె పెదవులు విడివడ్డాయి. మాట రాలేదు. కనుగుడ్లు తెల్లగా తిరిగాయి. జుట్టు ముడి విడి, గాలి లేని గదిలో నాగుపాములా ఎగిసింది! బెంచీ కింద కపాలం దవడ కిర్రుమంటూ తెరుచుకుంది...

"ఏవయ్యా!"

అది ఆమె గొంతు కాదు! కోచ్ ఆ గొంతును గుర్తుపట్టాడు!

"పన్నెండేళ్ళు నోరు కట్టేశావు. అంతకు ముందు పదేళ్ళు ఒక్క మాటే అనిపించావు. ఇవాళ విప్పావుగా... అనను!"

"అ... ను!"

"అనను పో!"

ఆ తరువాత నిశ్శబ్దం... భయంకరమైన, బండరాయి లాంటి నిశ్శబ్దం! వినబడాల్సిన మాట వినబడలేదు. రాడ్డు లేవలేదు. అతను దోచుకున్న బలమంతా ఆ మాట కోసమే కాచుకుని కూర్చుంది. అంగుళం... అంగుళం... ఇనుము కిందికి కుంగుతోంది!

అద్దాలతను ఆగలేకపోయాడు. ఎంత పాపాత్ముడైనా రాడ్డు కింద మనిషి నలుగుతుంటే చూస్తూ ఊరుకోవడం జిమ్ముకెళ్ళే ఏ మనిషికీ చేతకాదు. ఉరికి రెండు చేతులతో పట్టుకుని లాగాడు. వెంట్రుకవాసి కదల్లేదు సరికదా... అతని చేతుల్లోంచి నూటపదిహేను, నూటపది, నూటఐదు... ఒక్కొక్కటే జారిపోయి, వంద కూడా దాటి, ఇంకా కిందికి దిగిపోయాయి! పట్టు ఊడిపోయిన చేతులతో వెనక్కి పడ్డాడు.

"ఆఆఆ..." ఒకే ఒక్క ఆర్తనాదం! పిడుగు పడినట్టు రాడ్డు బెంచీని తాకింది!

గ్రహణం వీడింది. షట్టరు కిందనుంచి సన్నని వెలుగు పాకివచ్చింది. బెంచీ మీద మనిషి లేడు! మనిషి ఆకారంలో పరుచుకున్న తెల్లని బూడిద... అంతే! కింద కపాలం రెండుగా చీలి, అలసిన వాళ్ళు ఒళ్ళు వాల్చినట్టు పక్కకు ఒరిగింది.

ఆమె కళ్ళు మామూలయ్యాయి. చుట్టూ చూసి, జుట్టు ముడేసుకుంది.

అతను షట్టరు ఎత్తబోయాడు. చేతులు లేవలేదు. మళ్ళీ ప్రయత్నించి, సిగ్గుతో తలదించుకున్నాడు.

"తప్పుకోండి," అందామె.

వంగి, ఒంటిచేత్తో గుంజింది. షట్టరు గడగడమంటూ కప్పుదాకా లేచింది. కళ్ళు చెదిరే మధ్యాహ్నపు ఎండ లోపలికి ఉరికింది.

"పదండి. పక్కింటావిడ దగ్గర పాప ఏడుస్తూ ఉంటుంది," అంది ఆమె, వీధిలోకి నడుస్తూ. "నేనే ఎత్తుకుంటాను. మీరు గొడుగు పట్టుకోండి చాలు."