మోటరు కొట్టంలో గాజుల చప్పుడు

తాండూరు ఇంకా మూడు మైళ్ళుందనగా, రైలు పట్టాల పక్కన, పటేలు వాళ్ళు కారు పెట్టుకునేందుకు నాపరాళ్ళతో కట్టిన మోటరు కొట్టం ఒకటి ఉండేది. పొద్దుగూకాక ఆ దారిన ఎవడూ బండి తోలేవాడు కాదు. రైలు పోయినప్పుడల్లా, తాళం వేసిన ఆ కొట్టంలోంచి గాజుల చప్పుడు వచ్చేదట. గలగల... గలగల... రైలు దాటిపోగానే ఆగిపోయేదట.

ఆ గాజులు ఎవరివో కూడా ఊరు తేల్చేసింది — జహీరాబీవి.

యాభై ఆరులో ఒక తెల్లవారుజామున జహీరాబీ ఆ కొట్టం ముందు రోడ్డు మీద చచ్చిపడి ఉంది. రొమ్ము మీద నల్లగా కమిలిన మచ్చ. ఎడమ చేతికి ఒక్క గాజు లేదు. దెయ్యం కొట్టింది, గాజులు గుంజుకుంది అన్న మాట పటేలు ఇంట పుట్టి ఊరంతా పాకింది. నెల తిరగకముందే ఆమెనే దెయ్యాన్ని చేశారు. పక్కింటి హన్మమ్మ అన్నం తినని మనవణ్ణి “జహీరాబీ వస్తది” అని బెదిరించేది!

బతికినన్నాళ్ళు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆమె కూతురు వజీరాబీకి ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు భగ్గుమనేది.

రెండేళ్ళకు ఆ కొట్టం తలుపు తెరిచే రోజు వచ్చింది. లోపల ఉన్నది పటేలు కొడుకు సుధాకర్ మోటరు — రెండే సీట్లు, పైకప్పు లేదు, పందేల్లో ఉరికే రకం. హైదరాబాదు డాక్టరొకాయన దాన్ని కొనాలనుకున్నాడు. ముందు రంగు అసలుదా, మళ్ళీ పూసిందా చూసి చెప్పమని, వికారాబాద్ దాకా పేరున్న ఆ ఊరి పెయింటరు ఇమాముద్దీన్‌కు కబురంపాడు. ఇమాముద్దీన్ అంటే వజీరాబీ తండ్రే. కళ్ళకు పొరలొచ్చి, చేతి తడుముడుతోనే పని చేసేవాడు. చూపు కావలసిన చోట కూతురు.

“నేనొస్త అబ్బా. గా సప్పుడు అమ్మది కాదని నాకెరుక. ఊరికి ఎరుకజెయ్యాలె,” అంది వజీరాబీ తండ్రితో.

పగలే రమ్మన్నాడు సుధాకర్. ఇమాముద్దీన్ ఒప్పుకోలేదు. ఎండలో ఏ రంగైనా మెరుస్తుంది. చీకట్లో కందిలి లాంతరు ఒరగా పట్టి చూస్తేనే గుంటలు బయటపడతాయి — అది ఆయన పద్ధతి. అందుకే దీపాలు పెట్టేవేళకు చేరారు.

సుధాకర్ తాళం తీశాడు. గడప మాత్రం దాటలేదు. తన కందిలి పట్టుకుని బయటే నిలబడ్డాడు.

“జల్ది జూడు పిల్లా. అంతా కంపెనీ రంగే. గదే చెప్పు డాక్టర్‌కు.”

“చూడకముందే చెప్పాల్నా? మరి మమ్మల్నెందుకు పిలిచిన్రు... రంగుకు దండేస్తమనా?”

సుధాకర్ పళ్ళు కొరికాడు. ఆమె లోపలికి నడిచింది.

ఎర్రటి మోటరు. దుమ్ము తుడిచి, కందిలి కిందికి దించి, వెలుగు పారేటట్టు పట్టింది. కుడివైపు నున్నగా ఉంది. ఎడమ మడ్గార్డు దగ్గర... వెలుగు వంకర పోయింది.

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది.

నేల అదిరింది. గోడలు అదిరాయి. ఎక్కడో కాదు, ఆమె మోకాళ్ళ ముందే... గలగల... గలగల...

ఇమాముద్దీన్ గోడకు అతుక్కుపోయాడు. “యా అల్లా...”

వజీరాబీని కాళ్ళు పారిపొమ్మన్నాయి. కానీ కోపం కాళ్ళకంటే ముందు కదిలింది. పిడికిలి బిగించి మడ్గార్డు మీద కొట్టింది.

గల్లుమంది.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ గల్లు.

దెయ్యమైతే కొట్టినప్పుడల్లా పలుకుతుందా?

కొంగున కట్టిన సూదంటురాయి తీసి ఆనించింది. ఇనుమైతే పట్టుకోవాలి. జారి కింద పడింది. రంగు కింద ఇనుము అందనంత మందంగా లప్పం, గుంటలు పూడ్చే ముద్ద. చెయ్యి మడ్గార్డు కిందికి పోనిచ్చి తడిమింది. ఆరిన లప్పం మీద ఒక బొటనవేలి ముద్ర. అడ్డంగా పాత గాటు.

ఆ గాటు ఆమెకు తెలుసు. చిన్నప్పటి నుంచి తల నిమిరిన వేలు.

“అబ్బా...” తండ్రి వైపు తిరిగింది. “గిది... నీ చెయ్యి.”

ముసలాయన తడుముకుంటూ వచ్చాడు. వేలు ముద్రలో పెట్టాడు. అచ్చంగా కుదిరింది. పని ముగిశాక వెనకవైపు బొటనవేలు అద్దడం ఆయన అలవాటు.

“నువ్వు ఊర్లె లేనప్పుడు ఇంటికి తెచ్చిన్రు బిడ్డా మోటరును, ఎవలదో చెప్పలే...” గుసగుసగా అన్నాడు. “అమ్మ పోయి నలభై దినాలు గూడ గాలేదప్పుడు. మోమిన్‌పేట్ తొవ్వల ఎద్దు తగిలిందన్నడు తెచ్చినోడు. చినిగిన రేకు మీద అతుకేసి, లప్పం బెట్టిన... నాకు కనబడలేదు బిడ్డా... నాకేం కనబడలేదు...”

వజీరాబీ గీకుడు రేకు తీసింది.

“ఏయ్!” బయట సుధాకర్ కేకేశాడు. “ఏం గీకుతున్నవే? రంగు జూడమంటే తోలు తీస్తున్నవా?”

లప్పం పెచ్చులుగా రాలింది. అతుకు ఊడింది. లోపలి రేకుల సందులోంచి ఆమె ఒళ్ళోకి రాలిపడ్డాయి — పచ్చ గాజు ముక్కలు, బంగారు చుక్కలవి. అమ్మ ఆఖరి రంజానుకు తాండూరు అంగట్లో తనే ఏరి తొడిగించినవి.

ఆమె ముక్కలన్నీ ఏరి పిడికిట బిగించింది. గడప దాటి సుధాకర్ ఎదురుగా నిలబడింది.

“దయ్యం కొట్టిందని ఊరికి మొదలు చెప్పినోనివి నువ్వే గదా. ఎట్లున్నదో గూడ చెప్పు. ఎర్రగున్నదా? రెండు సీట్లున్నయా?”

“ఏం... ఏం మాట్లాడుతున్నవ్?”

ఆమె పిడికిలి విప్పింది. కందిలి వెలుగులో పచ్చగా మెరిశాయి.

దూరంగా కూత. తాండూరు నుంచి పాసింజరు దూసుకొచ్చింది. నేల అదిరింది. గోడలు అదిరాయి. రెండేళ్ళలో మొదటిసారి కొట్టం మూగగా ఉంది.

రైలు దాటిపోయింది. నేల సద్దుమణిగింది.

అయినా చప్పుడు వినిపిస్తూనే ఉంది... గలగల... గలగల...

సుధాకర్ చేతిలో కందిలి. దాని గాజుబుడ్డి ఆగకుండా కొట్టుకుంటోంది.